మధ్యాహ్నం పెరిగే రెసిడ్యువల్: ఒక మ్యాక్స్-డోఆస్ కేసు

మధ్యాహ్నం దాటాక మా మ్యాక్స్-డోఆస్ పరికరం (వేర్వేరు కోణాల్లో ఆకాశపు కాంతిని చూసి గాలిలోని వాయువులను కొలిచేది) ఇచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ విలువలను నమ్మవచ్చా లేదా అన్న ప్రశ్నతో ఈ కేసు మొదలైంది. ఉదయం పూట గ్రాఫ్ నిలకడగా సాగేది. మధ్యాహ్నానికి 30 డిగ్రీల కోణంలో తీసిన విలువలు కొన్ని సున్నా కిందికి దిగేవి, కొన్ని ఉన్నట్టుండి రెట్టింపయ్యేవి. సరిగ్గా ఆ వేళకే, స్థానిక కాలమానం ప్రకారం ఒంటిగంటన్నర ప్రాంతంలో, సెంటినెల్-5పీ ఉపగ్రహంలో గాలిలోని వాయువులను కొలిచే ట్రోపోమీ పరికరం మా మీదుగా వెళ్తుంది. మేము పరికరం పెట్టిందే దాని కొలతలతో పోల్చడానికి. అంటే ఏ గంట డేటా మాకు అన్నిటికన్నా అవసరమో, ఆ గంటే పాడైపోతోంది. నేల దగ్గరి గాలిలో ఇదే వాయువును కొలిచే మానిటర్‌కీ మాకూ పొంతన కుదరలేదు, ఉపగ్రహానికీ మాకూ కుదరలేదు. ముగ్గురిలో ఎవరిది తప్పో తేలకుండా పోలిక గ్రాఫ్ గీసి లాభం లేదు. అందుకే పోలికను పక్కన పెట్టి, ముందు మా స్పెక్ట్రాలనే (కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన రికార్డులనే) విప్పి చూడాలని నిర్ణయించాం.

పరికరం గురించి కొంత చెప్పాలి. ఒక భవనం పైకప్పు మీద చిన్న టెలిస్కోప్ ఉంటుంది. దాన్ని మోటారు ఒక్కో కోణానికి తిప్పుతుంది: దిగ్మండలం నుంచి 1, 2, 3, 5, 10, 30 డిగ్రీలు, చివరికి నిట్టనిలువుగా 90. ప్రతి కోణంలోనూ ఆకాశం నుంచి చెదిరి వచ్చిన సూర్యకాంతిని క్వార్ట్జ్ ఫైబర్ ద్వారా లోపలి స్పెక్ట్రోమీటర్‌కు పంపుతుంది. సొంత దీపం ఉండదు, గాలిని పీల్చే పంపు ఉండదు. కాంతి గాలిలో ఏ దారిన వచ్చిందో ఆ దారిలోని వాయువుల ముద్ర స్పెక్ట్రంలో ఉంటుంది. కోణం తగ్గేకొద్దీ కాంతి నేలకు దగ్గరి పొరల్లో ఎక్కువ దూరం నడుస్తుంది కాబట్టి, కింది కోణాల స్పెక్ట్రంను నిలువు స్పెక్ట్రంతో పోల్చితే నేల దగ్గరి వాయువు బయటపడుతుంది.

సూత్రం పాతదే. కాంతి ఎంత తగ్గిందన్నది అణువు శోషణ సామర్థ్యం, అణువుల సాంద్రత, కాంతి నడిచిన దూరం అనే మూడింటి మీద ఆధారపడుతుందని బియర్-లాంబర్ట్ సూత్రం చెబుతుంది. ప్రయోగశాలలో సెల్ పొడవు తెలుసు, వాయువు లేనప్పుడు కాంతి ఎంత ఉంటుందో తెలుసు. బయటి ఆకాశంలో ఈ రెండూ తెలియవు. పైగా గాలి అణువులు, ధూళి, పొగమంచు కూడా కాంతిని తగ్గిస్తాయి, అదీ మనం వెతుకుతున్న వాయువు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా. 1970ల చివర్లో ఉల్రిచ్ ప్లాట్, డీటర్ పెర్నర్ తదితరులు రూపుదిద్దిన డోఆస్ పద్ధతి ఈ చిక్కును ఇలా దాటుతుంది: గాలి, ధూళి చేసే చెదరగొట్టుడు తరంగదైర్ఘ్యంతో పాటు నెమ్మదిగా మారుతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ శోషణ మాత్రం నీలి కాంతి ప్రాంతంలో కొద్ది నానోమీటర్ల లోపే లేచి పడుతుంది. నెమ్మదిగా మారేదాన్నంతా ఒక పాలినామియల్‌కు, అంటే ఒక నునుపైన వక్రరేఖకు అప్పగించి, వేగంగా మారే భాగాన్ని మాత్రం ప్రయోగశాలలో కొలిచిన క్రాస్ సెక్షన్‌లతో (ఒక్కో అణువు ఏ తరంగదైర్ఘ్యంలో ఎంత శోషిస్తుందో చెప్పే విలువలతో) జతపరుస్తాం. ఈ జతపరచడమే ఫిట్. జత కుదిరాక వచ్చే సంఖ్యే స్లాంట్ కాలమ్, అంటే కాంతి నడిచిన దారి పొడవునా చదరపు సెంటీమీటరుకు ఎన్ని అణువులు ఉన్నాయన్నది. ఎవరికీ జతపడకుండా మిగిలిపోయేది రెసిడ్యువల్.

మా ఫిట్‌లో 425 నుంచి 490 నానోమీటర్ల మధ్య భాగం తీసుకున్నాం. అందులో నైట్రోజన్ డయాక్సైడ్‌కు రెండు ఉష్ణోగ్రతల క్రాస్ సెక్షన్‌లు (నేల దగ్గరి గాలికి 294 కెల్విన్, స్ట్రాటోస్ఫియర్‌కు 220 కెల్విన్), ఓజోన్, నీటి ఆవిరి, రెండు ఆక్సిజన్ అణువులు ఢీకొన్నప్పుడు ఏర్పడే ఓ4 శోషణ, రింగ్ ప్రభావం, ఐదో డిగ్రీ పాలినామియల్ ఉన్నాయి. రింగ్ ప్రభావాన్ని 1962లో గ్రెయింజర్, రింగ్ గుర్తించారు. గాలి అణువుల మీద రామన్ చెదరగొట్టుడు (కాంతి తరంగదైర్ఘ్యాన్ని కాస్త మార్చే రకం) వల్ల సూర్యుడి ఫ్రాన్‌హోఫర్ గీతలు, అంటే సూర్యకాంతి స్పెక్ట్రంలోని నల్లటి గీతలు, కొంత పూడిపోయినట్టు కనిపిస్తాయి. దాన్ని ఫిట్‌లో చేర్చకపోతే ఆ పూడిక వాయువు శోషణలా వేషం వేసుకుని వస్తుంది.

అంకెల్లో చూస్తే

డేటా తెరవగానే చేయాల్సిన లెక్క ఒకటుంది. నీలి ప్రాంతంలో నైట్రోజన్ డయాక్సైడ్ శోషణలోని వేగంగా మారే భాగం అణువుకు సుమారు 2×10⁻¹⁹ చదరపు సెంటీమీటర్లు. కింది కోణాల్లో స్లాంట్ కాలమ్ 10¹⁷ ఉందనుకుంటే, శోషణ 0.02, అంటే 2 శాతం. ఇది తేలిగ్గా దొరుకుతుంది. 30 డిగ్రీల దగ్గర సంగతి వేరు. ఆ కోణంలో పొర గుండా కాంతి నడిచే దారి నిలువు దారికి సరిగ్గా రెట్టింపు. అందులోంచి రిఫరెన్స్‌గా వాడిన నిలువు దారిని తీసేస్తే మిగిలేది ఒక నిలువు కాలమ్. ఉపగ్రహంతో నేరుగా పోల్చడానికి అందుకే చాలామంది 30 డిగ్రీల విలువను ఇష్టపడతారు. కానీ ఆ కాలమ్ 5×10¹⁵ ఉంటే శోషణ 0.001 మాత్రమే. మా రెసిడ్యువల్ ఆర్‌ఎంఎస్ (వర్గాల సగటు నుంచి తీసిన దాని సగటు పరిమాణం) ఉదయం 3×10⁻⁴ ప్రాంతంలో ఉండి, మధ్యాహ్నానికి 10⁻³ దాటుతోంది. మిగిలిపోయిన చెత్త, వెతుకుతున్న సిగ్నల్ ఒకే పరిమాణంలో ఉన్నాయన్నమాట. 1 డిగ్రీ దగ్గర గ్రాఫ్ బాగానే కనిపిస్తూ 30 డిగ్రీల దగ్గర సున్నా కిందికి ఎందుకు దిగుతోందో ఇక్కడే అర్థమైంది.

అయితే ఆర్‌ఎంఎస్ పెరిగిందని తెలిస్తే చాలదు, ఎందుకు పెరిగిందో తెలియాలి. అది కేవలం నాయిస్ అయితే మరిన్ని స్పెక్ట్రాలు కలిపి సగటు తీస్తే, కలిపిన సంఖ్య వర్గమూలం లెక్కన తగ్గాలి. మధ్యాహ్నపు రెసిడ్యువల్‌లను వరసగా కలిపి సగటు తీశాం. ఒక దశ వరకు తగ్గి, అక్కడ ఆగిపోయింది. నాయిస్ అంతా పోయాక తెర మీద ఒక ఆకారం స్థిరంగా నిలబడింది. ఈ కేసు మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన చిత్రం అదే. ఎవరూ గీయకుండా ఏ ఆకారమూ ఏర్పడదు. అది ఎవరి చేతిరాతో కనిపెట్టాలి.

ఆకారం చదవడం

దాన్ని దగ్గరగా చూస్తే ఎగుడుదిగుళ్లు ఎక్కడ పడితే అక్కడ లేవు. 430.8 నానోమీటర్ల చుట్టూ, 434.05 దగ్గర, 438.3 దగ్గర, చివర్లో 486.1 దగ్గర గుమిగూడి ఉన్నాయి. ఈ వరస ఫ్రాన్‌హోఫర్ గీతలు తెలిసినవారికి వెంటనే తెలిసిపోతుంది: జీ బ్యాండ్, హైడ్రోజన్ గామా, ఇనుము గీత, హైడ్రోజన్ బీటా. అంటే గొడవ గాలిలోని ఏదో తెలియని వాయువుది కాదు. కోణపు స్పెక్ట్రంను నిలువు రిఫరెన్స్ స్పెక్ట్రంతో పోల్చినప్పుడు రెండింటిలోనూ ఉన్న సూర్యుడి గీతలు సరిగ్గా రద్దు కావడం లేదు.

రద్దు కాకపోవడానికి సాధారణంగా మూడు కారణాలుంటాయి, మూడూ మూడు రకాల గుర్తులు వదులుతాయి. స్పెక్ట్రం పక్కకు జరిగితే ప్రతి గీత దగ్గరా ఒకవైపు లేచి మరోవైపు పడే ఎస్ ఆకారం వస్తుంది. స్పెక్ట్రోమీటర్ లోపల దారితప్పిన కాంతి చేరితే గీతల లోతు తగ్గుతుంది, ఎస్ రాదు. గీత దగ్గర ఒక్కటే గుంత కనిపిస్తుంది, బలమైన గీతల దగ్గర ఎక్కువగా. స్పెక్ట్రోమీటర్ రిజల్యూషన్ మారితే, అంటే అదే గీత కాస్త వెడల్పుగా పడితే, మధ్యలో గుంత, రెండు పక్కలా చిన్న మిట్టలు వస్తాయి. మాకు కనిపించింది ఈ మూడోదే. 486.1 దగ్గర ఆ రెండు మిట్టలూ ఇంచుమించు సమానంగా, కొట్టొచ్చినట్టు కనిపించాయి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, జరుగుడును ఫిట్ తనంతట తానే సరిదిద్దుకుంటుంది. స్పెక్ట్రంను పక్కకు జరిపే షిఫ్ట్, సాగదీసే స్ట్రెచ్ అనే రెండు పారామీటర్లు దాదాపు ప్రతి డోఆస్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటాయి. వెడల్పు మారితే మామూలు ఫిట్ దాన్ని పట్టుకోలేదు. షిఫ్ట్ అంకె మామూలుగానే ఉంది కదా అని చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఇక్కడ ఒక ప్రలోభం గురించి చెప్పాలి. పాలినామియల్ డిగ్రీ పెంచుదాం, కాంతికి అదనంగా చేరే ఆఫ్‌సెట్‌కు ఇంకో పారామీటర్ ఇద్దాం, రెసిడ్యువల్ తగ్గిపోతుంది అన్న సూచన బృందంలో వచ్చింది. చేసి చూశాం, తగ్గింది కూడా. కానీ దాంతోపాటు నైట్రోజన్ డయాక్సైడ్ విలువ కూడా మారిపోయింది. కారణం తెలియకుండా ఫిట్‌కు స్వేచ్ఛ ఇస్తే, ఆ స్వేచ్ఛ వెతుకుతున్న వాయువు శోషణలో కొంత మింగేస్తుంది. అందుకని ఆ దారి వద్దన్నాను. ఆర్‌ఎంఎస్ తగ్గడం మంచిదే, ఎందుకు తగ్గిందో భౌతికంగా చెప్పగలిగినప్పుడు మాత్రమే.

మిగతా అనుమానితులను కూడా వదల్లేదు. కాంతి లేకున్నా డిటెక్టర్ చూపే సిగ్నల్‌లోని రెండు భాగాలను, డార్క్‌నూ ఎలక్ట్రానిక్ ఆఫ్‌సెట్‌నూ, విడివిడిగా తీసి చూశాం. ఆఫ్‌సెట్ కలిపిన స్పెక్ట్రాల సంఖ్యను బట్టి పెరుగుతుంది, డార్క్ ఎక్స్‌పోజర్ సమయాన్ని బట్టి పెరుగుతుంది. రెండింటినీ ఒకే ఫైలుగా తీసేస్తే ఎక్స్‌పోజర్ మారినప్పుడల్లా చిక్కొస్తుంది. ఇక్కడ రెండూ సవ్యంగానే ఉన్నాయి. డిటెక్టర్ నిండిపోవడం లేదు. లాగ్ ఫైలులో స్పెక్ట్రోమీటర్ పెట్టె ఉష్ణోగ్రతను, ఆర్‌ఎంఎస్‌ను ఒకే గ్రాఫ్ మీద వేస్తే ఇక వెతకాల్సిన పని లేకపోయింది. రెండు గీతలూ కలిసే లేస్తున్నాయి, కలిసే దిగుతున్నాయి.

పెట్టెను 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచేలా సెట్ చేసి ఉంది. చల్లటి రోజుల్లో బిగించినప్పుడు ఆ అంకె బాగానే పనిచేసింది. ఎండ ముదిరాక పెల్టియర్ కూలర్ (కరెంటుతో వేడిని ఒకవైపు నుంచి మరోవైపుకు తోసే పలక) పూర్తి శక్తితో పనిచేస్తున్నా వేడిని బయటికి తోయలేకపోతోంది. మధ్యాహ్నం పెట్టె కొన్ని డిగ్రీలు వేడెక్కుతోంది. లోహపు బల్ల, అద్దాల బిగింపులు వ్యాకోచించి ఫోకస్ మారుతోంది. నిర్ధారణ కోసం పాదరస దీపం వెలిగించి, పెట్టెను కావాలనే మెల్లగా వేడి చేస్తూ 435.83 నానోమీటర్ల గీతను రికార్డు చేశాం. వేడితోపాటు గీత వెడల్పైంది. అనుమానానికి తావు లేకుండా తేలిపోయింది.

ముందుకు వచ్చే కొలతలకు మందు సులువైనదే: సెట్ పాయింట్‌ను బయటి వేడి కన్నా పైకి తీసుకెళ్లడం. చల్లబరచడం కన్నా వేడి చేయడం ఎప్పుడూ తేలిక, హీటర్‌కు చాలా తక్కువ కరెంటు చాలు, నియంత్రణ కూడా నిలకడగా ఉంటుంది. డిటెక్టర్‌కు వేరే కూలర్ ఉంది కాబట్టి డార్క్ పెరగలేదు. పెట్టె బయటి గాలి కన్నా చల్లగా ఉంటే తేమ పేరుకునే ప్రమాదం కూడా ఉంటుంది, అదీ తప్పింది. సెట్ పాయింట్ మార్చాక వేవ్‌లెంగ్త్ క్యాలిబ్రేషన్, స్లిట్ ఫంక్షన్ (సన్నని గీత పరికరంలో ఎంత వెడల్పుగా పడుతుందో చెప్పే ఆకారం) రెండూ మళ్లీ కొత్తగా తీయాలి. క్రాస్ సెక్షన్‌లన్నిటినీ ఆ కొత్త స్లిట్ ఫంక్షన్‌తోనే కన్వల్యూట్ చేయాలి, అంటే అదే వెడల్పుకు మసకబార్చాలి. దీన్ని మరిచిపోతే పాత జబ్బు పోయి కొత్తది పట్టుకుంటుంది.

అప్పటికే పోగైన డేటాను పారేయడానికి మనసొప్పలేదు, పారేయాల్సిన అవసరమూ లేదు. అంతవరకు ఫిట్‌లో రోజంతటికీ ఒకటే రిఫరెన్స్ వాడుతున్నాం. దాని బదులు ప్రతి స్కాన్‌కూ (అన్ని కోణాలనూ ఒకసారి చుట్టి రావడానికి) ముందూ వెనుకా తీసిన నిలువు స్పెక్ట్రాలను కాలాన్ని బట్టి కలిపి రిఫరెన్స్‌గా తీసుకున్నాం. ఒక స్కాన్ జరిగే కొద్ది నిమిషాల్లో పెట్టె ఉష్ణోగ్రత పెద్దగా మారదు, కాబట్టి రెండు స్పెక్ట్రాలకూ ఒకే వెడల్పు ఉంటుంది, గీతలు రద్దవుతాయి. ఇంకో లాభం కూడా ఉంది: స్ట్రాటోస్ఫియర్‌లోని నైట్రోజన్ డయాక్సైడ్ రెండింటిలోనూ సమానంగా ఉండి తొలగిపోతుంది. ఉదయ సాయంకాలాల్లో ఇది చాలా విలువైన సౌకర్యం. నిలువు స్పెక్ట్రం దొరకని చోట్ల, రెండు వెడల్పులతో కన్వల్యూట్ చేసిన సూర్య స్పెక్ట్రాల నిష్పత్తిని ఒక అదనపు క్రాస్ సెక్షన్‌గా ఫిట్‌లో చేర్చాం. ఈ అదనపు పారామీటర్‌కు మాత్రం నేను అభ్యంతరం చెప్పలేదు. దాని ఆకారం పాదరస దీపం చూపించిన కారణం నుంచే పుట్టింది. మధ్యాహ్నపు ఆర్‌ఎంఎస్ ఉదయపు స్థాయికి దిగివచ్చింది. 30 డిగ్రీల విలువలు సున్నా కిందికి దిగడం ఆగింది.

రెసిడ్యువల్ శుభ్రమైనా నేల మానిటర్‌తో పొంతన లేదు

ఫిట్ బాగుపడ్డాక అసలు శాస్త్రం మొదలైంది. గాలి మసకగా ఉన్న రోజుల్లో మా కింది కోణాల స్లాంట్ కాలమ్ తగ్గుతోంది. అదే సమయానికి నేల మీది మానిటర్ నైట్రోజన్ డయాక్సైడ్ పెరిగిందంటోంది. పైగా ఆ రోజుల్లో 1, 2, 3 డిగ్రీల విలువలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మామూలుగా 1 డిగ్రీ విలువ మిగతా వాటి కన్నా స్పష్టంగా పైన ఉండాలి.

ముందు టెలిస్కోప్ కోణాన్నే అనుమానించాం. కోణంలో అర డిగ్రీ తేడా వస్తే చిన్న విషయం కాదు: శుద్ధ జ్యామితి లెక్కన దారి 1 డిగ్రీ దగ్గర నిలువు దారికి 57 రెట్లు, 1.5 దగ్గర 38 రెట్లు. అందుకని టెలిస్కోప్‌ను దిగ్మండలం కింది నుంచి పైకి చిన్న చిన్న అడుగుల్లో కదిలిస్తూ కాంతి తీవ్రత చూశాం. నేల చీకటి నుంచి ఆకాశపు వెలుగులోకి దూకే చోటే దిగ్మండలం. డిగ్రీలో పదో వంతు లోపే సరిపోయింది. కోణానిది తప్పు కాదు.

జవాబు ఫిట్‌లోనే ఎప్పటినుంచో పడి ఉన్న ఓ4లో దొరికింది. నైట్రోజన్ డయాక్సైడ్ ఎంత ఉందో మనకు తెలియదు. ఆక్సిజన్ ఎంత ఉందో మాత్రం తెలుసు, గాలిలో దాదాపు 21 శాతం. ఓ4 ఆక్సిజన్ సాంద్రత వర్గానికి అనుపాతంలో ఉంటుంది, కాబట్టి అది గాలి పీడనం, ఉష్ణోగ్రతలను బట్టి తేలిపోతుంది. తెలిసిన వాయువు శోషణ ఎంత ఉందో కొలిస్తే, తెలియనిది ఒక్కటే మిగులుతుంది: కాంతి నడిచిన దూరం. ఓ4కు 477 నానోమీటర్ల దగ్గర ఒక పట్టీ ఉంది. అది మా ఫిట్ పరిధిలోనే ఉంది కాబట్టి నైట్రోజన్ డయాక్సైడ్ చూసిన దారినే అదీ చూస్తుంది.

లెక్క వేస్తే ఇలా ఉంటుంది. నేల దగ్గర ఆక్సిజన్ ఘన సెంటీమీటరుకు సుమారు 5.2×10¹⁸ అణువులు, దాని వర్గం 2.7×10³⁷. తేటగా ఉన్న రోజు 1 డిగ్రీ దగ్గర ఓ4 కాలమ్ 2.7×10⁴³ వచ్చిందనుకుందాం. భాగిస్తే 10⁶ సెంటీమీటర్లు, అంటే 10 కిలోమీటర్ల దారి. అదే స్పెక్ట్రంలో నైట్రోజన్ డయాక్సైడ్ కాలమ్ 10¹⁷ అయితే సాంద్రత ఘన సెంటీమీటరుకు 10¹¹ అణువులు. ఒక పీపీబీ (వంద కోట్ల గాలి అణువుల్లో ఒకటి) సుమారు 2.5×10¹⁰ కాబట్టి ఇది 4 పీపీబీ. మసక రోజున ఓ4 10⁴³కు పడిపోయిందనుకుందాం. దారి 3.7 కిలోమీటర్లే. నైట్రోజన్ డయాక్సైడ్ కాలమ్ కూడా 7.5×10¹⁶కు తగ్గిందనుకుందాం. సాంద్రత మాత్రం 2×10¹¹, అంటే 8 పీపీబీ. కాలమ్ పావు వంతు తగ్గింది, గాలిలో వాయువు రెట్టింపైంది. మా గ్రాఫ్ కిందికి వెళ్తున్నప్పుడు నేల మానిటర్ పైకి ఎందుకు వెళ్తోందో ఈ ఒక్క భాగహారం చెప్పేసింది.

1, 2, 3 డిగ్రీలు కలిసిపోవడానికీ ఇదే కారణం. ఏరోసాల్ (గాలిలో తేలే సన్నని కణాలు) దట్టంగా ఉంటే మూడు కోణాల్లోనూ కాంతి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే చెదిరి మన వైపు తిరుగుతుంది. దానికంటే దూరం టెలిస్కోప్‌కు కనిపించదు. జ్యామితి చెప్పే దారులు కాగితం మీద వేరైనా, కాంతి నిజంగా నడిచినవి దాదాపు ఒకటే. మసక రోజుల్లో 30 డిగ్రీల జ్యామితి సూత్రాన్ని కూడా కళ్లు మూసుకుని వాడకూడదు. ఓ4 విలువలతో ఏరోసాల్ పొరను ముందు రాబట్టి, ఆ పొరతో రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ లెక్క (గాలిలో కాంతి ఎలా ప్రయాణిస్తుందన్న లెక్క) చేసి, ఆ తర్వాతే నైట్రోజన్ డయాక్సైడ్ ప్రొఫైల్, అంటే ఏ ఎత్తులో ఎంత ఉందన్నది తీయాలి. పైన చెప్పిన భాగహారం ఆ పెద్ద లెక్కకు బదులు కాదు. వాయువు పలచటి పొరగా నేలనంటి ఉంటే అది తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే వాలు దారి కొంత దూరం పోయాక ఆ పొర దాటి పైకి వెళ్లిపోతుంది. కానీ ఫలితం దారి తప్పిందా లేదా అని ఐదు నిమిషాల్లో తేల్చుకోవడానికి దీన్ని మించిన పరీక్ష నాకు తెలియదు.

దారి పొడవు సరిదిద్దాక నేల మానిటర్‌తో ఉదయం పూట బాగానే కలిసింది. మధ్యాహ్నం మానిటర్ ఇంకా కాస్త పైనే ఉంది. అది మాలిబ్డినం కన్వర్టర్ ఉన్న కెమిల్యూమినిసెన్స్ మానిటర్. కన్వర్టర్ నైట్రోజన్ డయాక్సైడ్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తుంది, మానిటర్ దాన్ని ఓజోన్‌తో కలిపి, వచ్చే వెలుగును కొలుస్తుంది. ఆ మార్పు నైట్రిక్ ఆమ్లం, పాన్ (పెరాక్సీఎసిటైల్ నైట్రేట్) వంటి ఇతర నైట్రోజన్ సమ్మేళనాలకు కూడా కొంత జరుగుతుంది. ఎండలో రసాయన చర్యలు ముదిరి అవి మధ్యాహ్నానికే ఎక్కువగా పోగవుతాయి. స్పెక్ట్రంలో ఆ గందరగోళం ఉండదు, ఎందుకంటే నైట్రిక్ ఆమ్లానికి నీలి ప్రాంతంలో ఈ ఎగుడుదిగుళ్లు లేవు. మిగిలిన తేడాలో కొంత ఈ కారణానికి చెందుతుంది, ఇంకొంత మానిటర్ ఒక బిందువు దగ్గరి గాలినీ, మేము కిలోమీటర్ల పొడవునా సగటునూ చూడటం వల్ల వస్తుంది. ఈ రెండింటినీ విడదీయాలంటే కాంతితో నైట్రోజన్ డయాక్సైడ్‌ను మాత్రమే విడగొట్టే కన్వర్టర్ ఉన్న మానిటర్‌ను పక్కన పెట్టాలి. అది మా తర్వాతి పని.

ఉపగ్రహంతో పోలిక ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాం. ట్రోపోమీ పిక్సెల్ 2019 ఆగస్టు నుంచి ఉపగ్రహానికి సరిగ్గా కింద, నేల మీద సుమారు 5.5 × 3.5 కిలోమీటర్లు. మసక రోజున మా దారి 4 కిలోమీటర్ల లోపే ఉంటే మేము ఒక పిక్సెల్‌లో ఒక మూలను మాత్రమే చూస్తున్నాం. తేటగా ఉన్న రోజున పక్క పిక్సెల్‌లోకి కూడా వెళ్లిపోతున్నాం. కాబట్టి ప్రతి రోజూ ఓ4 చెప్పిన దారి పొడవు ఎంతో చూసి, టెలిస్కోప్ ముఖం పెట్టిన దిక్కున ఆ దారి మీద పడే పిక్సెళ్లనే తీసుకుంటున్నాం. మధ్యాహ్నపు స్కాన్‌లలో ఆర్‌ఎంఎస్ 5×10⁻⁴ దాటినవి, పెట్టె ఉష్ణోగ్రత సెట్ పాయింట్ నుంచి అర డిగ్రీ తప్పినవి పోలికలోకి రావు. పాదరస దీపం పరీక్ష ఇప్పుడు రుతువు మారినప్పుడల్లా చేస్తున్నాం. సగటు రెసిడ్యువల్ చిత్రాన్ని ప్రతి వారం ఫలితాల ఫోల్డర్‌లోనే, సంఖ్యల పట్టిక పక్కనే భద్రపరుస్తున్నాం.